పరాయి దేశానికి శిక్షాస్మృతి రాసిపెడతారా? పాఠకుల ప్రశ్నలు, ప్లీడరు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకి ఒక సంగతి రాశాను. మాల్దీవుల శిక్షాస్మృతికి ముసాయిదా తయారుచేసి ఇచ్చింది అమెరికాలో పాఠాలు చెప్పుకునే ఒక ప్రొఫెసరు అని. అంతే, ఇక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఒకటే రావడం. కొందరికి ఆశ్చర్యం, కొందరికి కోపం, ఒకరిద్దరికి ఆ ఉద్యోగం ఎలా దొరుకుతుందన్న ఆరా. కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే. ఆస్తి పంపకాల గురించి, చెక్‌బౌన్సుల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మాల్దీవులకి సొంత లాయర్లు లేరా? బయట నుంచి వచ్చిన నిపుణుడు అసలు ఏం చేస్తాడు? మన ఐపీసీని ఫొటోకాపీ తీసి దేశం పేరు మార్చి ఇచ్చేస్తాడా?
(లా విద్యార్థిని, సబ్బవరం)

జవాబు: నువ్వు వెటకారంగా అడిగావు గానీ అమ్మా, ఆ ఫొటోకాపీ పద్ధతి ఒకప్పుడు నిజంగానే నడిచింది. మన ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి, 1862లో అమల్లోకి వచ్చాక, సింగపూర్, పెనాంగ్, మలక్కాలతో ఉన్న బ్రిటిష్ వలస స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ 1871లో దాదాపు దాన్నే చట్టంగా చేసుకుంది. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) 1883లో, సూడాన్ 1899లో అదే దారి పట్టాయి. తమాషా ఏమిటంటే సింగపూర్‌లో హత్యకి శిక్ష ఇవాళ్టికీ సెక్షన్ 302 కిందే, మన దగ్గర మాత్రం ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అనే కొత్త చట్టం వచ్చి 302 మారిపోయి 103 అయింది.

ఇప్పటి పద్ధతి వేరు. మాల్దీవులనే తీసుకుందాం. పాత శిక్షాస్మృతి 1968 నాటిది. 2004లో అక్కడి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (అదే, యూఎన్‌డీపీ) కలిసి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో క్రిమినల్ లా చెప్పే పాల్ రాబిన్సన్‌ని పిలిచాయి. షరియాని ఆధారంగా ఉంచాలి, అంతర్జాతీయ ప్రమాణాలకి తగ్గట్టూ ఉండాలి, ఇదీ షరతు. ఆయన తన విద్యార్థులని కూడా ఈ పనిలో కూర్చోబెట్టి 2006కల్లా ముసాయిదా, ఏ సెక్షన్ ఎందుకు పెట్టారో చెప్పే వివరణ, రెండూ ఇచ్చాడు. అక్కడి పార్లమెంటు, అంటే మజ్లిస్, దాన్ని ఆమోదించింది 2014లో, అమలైంది 2015 జూలై 16న. రాయడానికి పట్టినదానికంటే ఆ దేశం ఒప్పుకోవడానికి పట్టిన కాలమే ఎన్నో రెట్లు ఎక్కువ.

లాయర్లు ఏ దేశంలో అయినా ఉంటారు. కానీ శిక్షాస్మృతి మొదటి నుంచి చివరి దాకా రాసిన అనుభవం ఎవరికుంటుంది చెప్పు? మన దేశంలోనే అది 1860లో ఒకసారి, 2023లో ఒకసారి జరిగింది. చిన్న దేశంలో ఉన్న నలుగురు మంచి క్రిమినల్ లాయర్లూ పొద్దున లేస్తే కోర్టులో ఉంటారు, వాళ్లని రెండేళ్లు ఒక గదిలో కూర్చోబెట్టి రాయించే స్థోమత ప్రభుత్వానికి ఉండదు.

బయటివాడు వచ్చి మొదట చేసేది ఏరుకోవడం. నేరాలన్నీ ఒకే పుస్తకంలో ఉంటాయనుకుంటాం గానీ, ఓడరేవుల చట్టంలో కొన్ని, అడవుల చట్టంలో కొన్ని, మునిసిపల్ చట్టంలో ఇంకొన్ని, ఎప్పుడో ఆర్డినెన్సుగా వచ్చి మళ్లీ ఎవరూ చూడనివి కొన్ని ఉంటాయి. అవన్నీ పోగేసి బల్లమీద పరిస్తే, ఒకే పనికి మూడు చట్టాల్లో మూడు రకాల శిక్షలు బయటపడతాయి. ఆ తరవాత సాధారణ సూత్రాల భాగం. ఉద్దేశం అంటే ఏమిటి, నిర్లక్ష్యం అంటే ఏమిటి, నేరానికి ప్రయత్నించి ఆగిపోయినవాడిని ఏం చేయాలి, ఆత్మరక్షణకి హద్దు ఎక్కడ, ఎన్నేళ్ల పిల్లవాడి నుంచి నేరస్తుడిగా చూడాలి. జనానికి, పేపర్లకి ఈ భాగం మీద ఆసక్తి ఉండదు. నా దృష్టిలో బయటి నిపుణుడికిచ్చే ఫీజులో ముప్పావు వంతు దీనికే ఇవ్వాలి, ఎందుకంటే హత్య నుంచి జేబుదొంగతనం దాకా ప్రతి కేసులోనూ జడ్జి తిప్పేది ఈ పేజీలే. మిగిలింది నేరాల జాబితా, ఏ నేరానికి ఎంత శిక్ష అన్నది. దాని గురించి కిందో ఉత్తరం ఉంది, అక్కడ చెబుతాను.

ప్రశ్న: లాయరు గారూ, మెకాలే దొర మనకి ఐపీసీ రాసిపెట్టి వెళ్లాడు, నూటఅరవై ఏళ్లు మోశాం. ఇప్పుడు అదే పని ఐక్యరాజ్యసమితి బోర్డు పెట్టుకుని చేస్తే గొప్పదైపోతుందా? ఎవడి ఇంటి కట్టుబాటు వాడికి తెలియదా?
(రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక)

జవాబు: మీ కోపం నాకు అర్థమైందండీ, సగం ఒప్పుకుంటాను కూడా. మెకాలేని మనం పిలవలేదు. 1830ల్లో లా కమిషన్‌కి అధ్యక్షుడిగా కూర్చుని 1837లో ముసాయిదా ఇచ్చేశాడు. అది ఇరవైమూడేళ్లు బీరువాలో పడుకుని, బార్న్స్ పీకాక్ అనే ఇంగ్లీషు న్యాయనిపుణుడి చేతిలో సవరణలు పొంది, 1857 తిరుగుబాటు అయిపోయాక 1860లో చట్టమైంది. ఈ దేశపు మనిషిని ఒక్కణ్ని కూడా అడగకుండా రాసిన చట్టం అది.

అయినా ఒక మాట చెప్పాలి. రాతగాడిగా మెకాలే పనివాడే. ఫ్రెంచి శిక్షాస్మృతినీ, అమెరికాలో లూసియానా రాష్ట్రం కోసం లివింగ్‌స్టన్ అనే లాయరు రాసిన ముసాయిదానీ పక్కన పెట్టుకుని రాశాడు. సెక్షన్ కింద చిన్నచిన్న ఉదాహరణలు పెట్టడం అతని తెలివి. జేబులో కుక్కలకి ఎర పెట్టుకుని పక్కవాడి కుక్కని వెంట నడిపించుకుపోతే, ఆ కుక్క వెంట నడవడం మొదలుపెట్టగానే దొంగతనం పూర్తయినట్టే అని దొంగతనం సెక్షన్ కింద ఉంటుంది. లా చదవని మేజిస్ట్రేటుకి కూడా అది చదివితే విషయం బోధపడుతుంది.

పిలిచినవాడు వచ్చి రాసినా తంటాలు తప్పవు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ తానే విదేశీ నిపుణులని పిలిపించుకున్నాడు. స్విట్జర్లాండ్‌కి చెందిన జాఁ గ్రావెన్ ఫ్రెంచిలో రాస్తే అది అక్కడి భాష అమ్హారిక్‌లోకి మారి 1957లో చట్టమైంది. చక్కగా కుట్టిన చట్టమని పేరు. కానీ అందులో ఒక సెక్షన్ ఉండేది, అమ్మాయిని ఎత్తుకుపోయినవాడు తరవాత ఆమెని చట్టప్రకారం పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పించుకోవచ్చని. 2005లో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ వెసులుబాటు పోయింది, ఆడపిల్లలకి చేసే జననాంగ ఛేదనం కూడా నేరమైంది. అందుకని, కట్టుబాట్లు స్థానికులకి తెలుసన్న మీ మాటకి నేనొక మాట కలుపుతాను: ఏ కట్టుబాటు ఎవరిని నలిపేస్తోందో ఆ నలిగినవాళ్లని అడగాలి, ఊరి పెద్దలని ఒక్కళ్లనే అడిగితే చాలదు.

జపాన్ సంగతి నాకు ఇంకా ఇష్టం. 1873లో ఫ్రాన్సు నుంచి బోయిసోనాడ్ అనే పండితుణ్ని జీతానికి పెట్టుకున్నారు. ఆయన చేత శిక్షాస్మృతి రాయించి 1882 నుంచి అమలు చేశారు. ఆయనే తయారుచేసిన సివిల్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేశమంతా పెద్ద గొడవ, ఇది మన కుటుంబాలకి సరిపడదు అని ఆపేసి, తమ పండితులే ముగ్గురిని కూర్చోబెట్టి మళ్లీ రాయించుకున్నారు. 1907లో శిక్షాస్మృతినీ మార్చుకున్నారు, సవరణలతో ఇప్పటికీ అదే. అంటే బయటివాడి దగ్గర పని నేర్చుకున్నారు, కలం మళ్లీ తమ చేతిలోకి తీసుకున్నారు. ఆ జపానే 1990ల నుంచి వియత్నాం, కంబోడియాలకి చట్టాలు రాయడంలో సాయం చేస్తోంది. కంబోడియాలో సివిల్ కోడ్‌కి జపాన్‌వాళ్లు, శిక్షాస్మృతికి ఫ్రెంచివాళ్లు. ఒకే ఇంటికి ఇద్దరు మేస్త్రీలన్నమాట, ఆ గోడలు ఎక్కడ కలిశాయో అక్కడి లాయర్లనే అడగాలి.

ప్రశ్న: మాది వెంకటాపురం దగ్గర. గ్యాస్ లీకైనప్పుడు గాలిని పాడుచేసిన నేరానికి 500 రూపాయల జరిమానా అని ఎవరో అన్నారు. నిజమా? అలాంటి సెక్షన్ ఏ నిపుణుడు రాశాడండీ?
(గృహిణి, గోపాలపట్నం)

జవాబు: నిజమేనమ్మా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు పోలీసులు పెట్టిన సెక్షన్లలో ఐపీసీ 278 ఒకటి. ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని పాడుచేస్తే గరిష్ఠంగా 500 రూపాయల జరిమానా, జైలు లేదు. అదొక్కటే పెట్టారని మాత్రం అనుకోకండి, హత్య కిందకి రాని నరహత్యకి పదేళ్ల దాకా జైలు పడే ఐపీసీ 304 రెండో భాగం కూడా ఎఫ్ఐఆర్‌లో ఉంది. కానీ ఆ 500 అంకె చూసి మన ఊళ్లో కడుపు మండని మనిషి లేడు.

రాసినవాడిని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. 1860లో 500 రూపాయలంటే చాలా పెద్ద సొమ్ము. అప్పటి ఊహలో గాలి పాడుచేసేవాడంటే తోళ్లు ఊనవేసేవాడో, ఎముకలు కాల్చేవాడో. తరవాత ఫ్యాక్టరీలు వచ్చాయి, రూపాయి విలువ కరిగిపోయింది, అంకె మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అదే నేరం సెక్షన్ 280, జరిమానా 1,000 రూపాయలు. నేను అచ్చుతప్పేమోనని మళ్లీ చూశాను, కాదు, వెయ్యే. విషపదార్థాలతో నిర్లక్ష్యంగా ఉంటే సెక్షన్ 286, ఆరు నెలల జైలు లేదా 5,000 జరిమానా. అమ్మే తినుబండారాల్లో కల్తీకి సెక్షన్ 274, అదీ ఆరు నెలలు, 5,000. బీచ్ రోడ్డులో మెడలో గొలుసు లాక్కుపోతే ఈ కొత్త చట్టంలోని సెక్షన్ 304, మూడేళ్ల దాకా. కాలుష్యానికి వేరే చట్టాలు ఉన్నాయని ఎవరైనా అంటారు, ఉన్నాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల జైలు ఉండేది, 2023లో జన్ విశ్వాస్ అనే చట్టంతో సవరణలు వచ్చాక దాని బదులు 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు.

నిపుణుల పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, తూకం. ఏ నేరం ఏ నేరం కన్నా బరువు? మాల్దీవుల కోడ్‌లో నేరాలని తరగతులుగా విడదీశారు. ప్రతి సెక్షన్‌కి విడిగా ఇన్నేళ్లు, ఇన్ని రూపాయలు అని రాసుకుంటూ పోకుండా, ఈ నేరం ఫలానా తరగతి అంటారు, ఆ తరగతికి శిక్ష ఒకచోటే ఉంటుంది. ఇండోనేషియా కొత్త శిక్షాస్మృతి, అదీ డచ్చివాళ్ల నాటి కోడ్ స్థానంలో 2022 డిసెంబరులో ఆమోదం పొంది 2026 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చినది, జరిమానాలని ఎనిమిది మెట్లుగా పెట్టింది. అన్నిటికన్నా కింది మెట్టు 10 లక్షల రుపియా, పైమెట్టు 5,000 కోట్ల రుపియా. డబ్బు విలువ మారితే ప్రభుత్వం ఆ ఎనిమిది అంకెలని సవరిస్తే చాలు, ఆరువందల సెక్షన్లు తిరగరాయనక్కర్లేదు. మన 278 లాంటి సెక్షన్ అక్కడ ముసలిదైపోయే అవకాశం లేదు.

బయటి మనిషి కళ్లు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. మన కోర్టుల్లో ఇరవై ఏళ్లు తిరిగినవాళ్లకి 500 అంకె కనబడదు, అలవాటైపోతుంది. ఎక్కడినుంచో వచ్చినవాడు మొదటి వారంలోనే, ఇదేంటి, గొలుసు దొంగకి మూడేళ్లు, గాలిలో విషం కలిపినవాడికి వెయ్యి రూపాయలా అని అడుగుతాడు. అయితే ఆ శిక్ష ఎంత బరువుగా ఉండాలో వాడికి తెలియదు. ఆ రాత్రి పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తిన వీధివాళ్లకి తెలుసు. మొదటివాణ్ని ఫీజిచ్చి పిలుస్తారు. రెండోవాళ్లని పిలిచే అలవాటు ఏ ప్రభుత్వానికీ రాలేదు, మనకీ రాలేదు.

ప్రశ్న: పోర్టు నుంచి కంటైనర్లు తోలతాను. యాక్సిడెంట్ చేసి పారిపోతే పదేళ్లు అన్నారు, సమ్మె చేశాం, ఆపేశామన్నారు. ఇప్పుడు ఆ సెక్షన్ ఉన్నట్టా లేనట్టా?
(లారీ డ్రైవరు, షీలానగర్)

జవాబు: పుస్తకంలో ఉంది, అమల్లో లేదు బాబూ. బీఎన్ఎస్ సెక్షన్ 106లో మొదటి భాగం నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా, పాత ఐపీసీ 304ఏలో అది రెండేళ్లే, ఇది అమల్లోనే ఉంది, జాగ్రత్త. రెండో భాగం, అంటే గుద్ది పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా, దాని మీదే 2024 జనవరి మొదట్లో మీరు సమ్మె చేస్తే చాలా ఊళ్లలో పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు. ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇస్తూ, జూలై 1 నుంచి చట్టమంతా అమలు, ఈ 106 రెండో భాగం తప్ప అంది.

మీరు అడగలేదు గానీ ఇందులో రాతపని లోపం ఒకటి ఉంది. ఆ వాక్యాన్ని నిదానంగా చదివితే, జనం కొడతారన్న భయంతో బండి ఆపకుండా వెళ్లి, ముందున్న పోలీస్ స్టేషన్‌లో చెప్పిన డ్రైవరు ఆ నేరం చేసినట్టు కాదు. ఇదే సంగతి మెకాలే పద్ధతిలో సెక్షన్ కింద నాలుగు వరుసల ఉదాహరణగా రాసి ఉంటే సగం భయం అక్కడే తీరేది. రాయలేదు. ఎందుకు రాయలేదంటే, స్టీరింగు పట్టేవాణ్ని అడిగిన సందర్భం లేదు. ఈ చట్టాల సంస్కరణకి 2020లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో కమిటీ వేసి, కరోనా రోజుల్లో ఆన్‌లైన్‌లో ప్రశ్నావళి పెట్టి సలహాలు అడిగారు. మీరు గానీ మీ క్లీనరు గానీ దాన్ని నింపారా? నేను లాయర్ని, నా చుట్టుపక్కల నింపినవాళ్లు కూడా తక్కువే. 2023 ఆగస్టులో బిల్లు పెట్టారు, డిసెంబరులో పాసైంది, అడగాల్సినవాళ్లని అడగడం మాత్రం పాసైన పది రోజులకి, రోడ్డు మీద, సమ్మె రూపంలో జరిగింది.

విదేశీ నిధులతో జరిగే పనిలోనూ ఇదే జబ్బు. సంప్రదింపులంటే రాజధానిలో మంచి హోటల్లో రెండు రోజుల వర్క్‌షాపు, భోజనాలు, గ్రూపు ఫొటో.

ప్రశ్న: జిల్లా కోర్టులో జూనియర్‌ని. ఒక కేసు ఐపీసీలో, పక్క కేసు బీఎన్ఎస్‌లో, బుర్ర తిరిగిపోతోంది. వేరే దేశాల్లో కూడా ఇంతేనా?
(యువ న్యాయవాది, విశాఖపట్నం)

జవాబు: ఇంతే, కొన్నిచోట్ల ఇంతకన్నా ఘోరం. నీ టెన్షన్‌కి ముందు ఒక్క సూత్రం: నేరం జరిగిన తేదీ చూడు. 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీయే, కేసు 2030లో నడిచినా సరే. రాజ్యాంగం 20(1) అధికరణం, బీఎన్ఎస్ 358 సెక్షన్ చెప్పేది అదే. సీనియర్ 420 అంటే నువ్వు 318(4) అని మనసులో అనుకో, పైకి దిద్దకు, చాంబర్‌లో ఉండాలి కదా.

మార్పుకి సమయం ఇవ్వడం పాత అలవాటే. ఐపీసీ మొదట 1861 మే 1 నుంచి అన్నారు, జడ్జీలు, అధికారులు చదువుకోవాలని 1862 జనవరి 1కి జరిపారు. మాల్దీవుల్లోనూ చెప్పిన తేదీని మూడు నెలలు వాయిదా వేశారు. కంబోడియా ఇంకా తెలివిగా, 2009లో చట్టం చేసి ముందు సాధారణ సూత్రాల భాగం ఒక్కటే అమలు పెట్టి, నేరాల భాగాన్ని ఏడాది తరవాత 2010 డిసెంబరులో తెచ్చింది.

తూర్పు తిమోర్ కథ వింటే నీ బాధ మర్చిపోతావు. 2002లో స్వతంత్రం వచ్చినా 2009 దాకా ఇండోనేషియా శిక్షాస్మృతే వాడుకున్నారు. కొత్తది వచ్చింది, పోర్చుగీసులో. అక్కడి లాయర్లలో ఎక్కువమంది ఇండోనేషియాలో చదువుకున్నవాళ్లు, పోర్చుగీసు రాదు. ముద్దాయికి తెలిసింది ఇంట్లో మాట్లాడే టేటమ్. మంచి నిపుణులే రాశారు, కోర్టు హాల్లో చదవగలిగేవాళ్లు లేరు.

ఇంకొకటి, కాగితం మీద బాగుండే శిక్షలుంటాయి. సమాజసేవని బీఎన్ఎస్ మొదటిసారి శిక్షగా పెట్టింది, 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగిచ్చినవాడికి అదే. మందు తాగి బండి నడిపినవాళ్లతో మన ఊళ్లో బీచ్ శుభ్రం చేయించారని పేపర్లో చదివే ఉంటావు. చేయించడం వరకూ బాగానే ఉంది, దగ్గరుండి చూసేది ఎవరు, ఎన్ని గంటలు, రాకపోతే ఏమిటి? దానికి మనుషులు, జీతాలు, రిజిస్టర్లు కావాలి. నిపుణుడి నివేదికలో ఈ ఖర్చు పేజీ లేకపోతే ఆ నివేదిక ఇంకా పూర్తి కాలేదని లెక్క.

ప్రశ్న: మా వాళ్లు వేటకి పోయి గాలికి కొట్టుకుపోతే పక్క దేశంవాళ్లు పట్టుకుంటారు. అప్పుడు ఎవరి చట్టం నడుస్తుంది? కొత్త చట్టం రాసేవాళ్లు మాలాంటోళ్లని చూస్తారా?
(మత్స్యకార కుటుంబం, జాలరిపేట)

జవాబు: తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత నీళ్లు. అక్కడ వాళ్ల చట్టాలే, చొరబాటు కేసు కూడా పెట్టవచ్చు. అది దాటి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు వాళ్లదే, కానీ 1982 సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, రెండు దేశాల మధ్య వేరే ఒడంబడిక లేకపోతే, ఆ ప్రాంతంలో చేపల వేట ఉల్లంఘనకి జైలుశిక్ష వేయకూడదు, తగిన పూచీ కడితే బోటునీ మనుషులనీ త్వరగా వదలాలి. గొడవంతా బోటు ఏ గీత దగ్గర దొరికిందన్న దాని మీదే కాబట్టి జీపీఎస్ పని చేసేలా చూసుకోండి. పట్టుబడితే మన రాయబార కార్యాలయానికి కబురు చెప్పమని అడిగే హక్కు ఉంది, అది 1963 వియన్నా ఒప్పందం ఇచ్చినది, భాష రాకపోయినా ఇండియన్ ఎంబసీ అన్న రెండు మాటలు వదలకండి.

రాసేవాళ్లు చూస్తారా అంటే, చూడాలి. తమ దేశం సంతకం పెట్టిన ఒప్పందాలన్నిటితో ముసాయిదాని పోల్చి చూసుకోవడం నిపుణుల పనిలో భాగం. చిక్కేమిటంటే మిమ్మల్ని పట్టేది ఎక్కువగా చేపల చట్టం, విదేశీయుల చట్టం కింద. శిక్షాస్మృతి రాయడానికి వచ్చినవాణ్ని ఆ రెండు చట్టాలూ ముట్టుకోమని ఎవరూ అడగరు.

ప్రశ్న: మా అమ్మాయి లా ఆఖరి సంవత్సరం. ఇలా దేశాలకి చట్టాలు రాసే ఉద్యోగం చేస్తానంటోంది. నిజంగా జీతం వస్తుందా, లేక సమాజసేవేనా?
(ఒక తల్లి, మధురవాడ)

జవాబు: డబ్బు వస్తుందండీ, నెలజీతంలా రాదు. యూఎన్‌డీపీ లాంటి సంస్థలు ఎక్కువగా రోజుల లెక్కన, ఇన్ని రోజుల పనికి ఇంత అని కన్సల్టెంట్లని తీసుకుంటాయి, ప్రకటనలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే వస్తాయి. చదువు అయిన వెంటనే ఎవరూ పిలవరు. ముందు ఐదారేళ్లు ఏదో ఒక ట్రయల్ కోర్టులో క్రిమినల్ కేసులు నడపమనండి, బెయిల్ పిటిషన్ తిరిగొచ్చిన బాధ తెలియనివాళ్లు రాసే సెక్షన్లు ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నాం. క్రిమినల్ లాలో ఎల్ఎల్ఎం, వీలైతే ఫ్రెంచి గానీ పోర్చుగీసు గానీ ఒకటి. ఆఫ్రికాలో సగం పని ఆ భాషల్లోనే ఉంటుంది.

చట్టం రాయడం అనేది విడిగా నేర్చుకునే విద్య. ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖ కింద 1989 నుంచి చట్టాల ముసాయిదా నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉంది, ఐఎల్‌డీఆర్ అంటారు. ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వాల నుంచి వచ్చిన అధికారులు కూడా అక్కడ శిక్షణ తీసుకుంటారు. లా విద్యార్థులకి ఇంటర్న్‌షిప్ ఉంటుంది, ఈ ఏడాది నోటిఫికేషన్ ఎప్పుడో చూసుకుని దరఖాస్తు పెట్టమనండి. ఈలోగా ఇంట్లో కూర్చుని చేసే కసరత్తు ఒకటి చెబుతాను: పైన చెప్పిన సెక్షన్ 280ని, ఆ గాలి పాడుచేసే నేరాన్ని, తను రాస్తే ఎలా రాస్తుందో ఒక పేజీలో రాయమనండి, కింద రెండు ఉదాహరణలతో సహా. రాసి పంపిస్తే నేను చూసి ఎర్ర ఇంకుతో దిద్ది పంపుతాను, ఫీజేమీ అక్కర్లేదు.